మరో ఏడాది గడువు



ఇంకొద్ది రోజుల్లో డిసెంబరు 31. ఆ రాత్రి కాశీబుగ్గలో, టెక్కలిలో, సోంపేటలో, సముద్రం ఒడ్డున మత్స్యకార పేటల్లో చర్చి ఉన్న ప్రతిచోటా దీపాలు వెలుగుతాయి. పది దాటాక జనం రావడం మొదలవుతుంది. స్వెటర్లు తొడిగిన పిల్లలు చాపల మీదే నిద్రపోతారు. పన్నెండు కొట్టేసరికి పెద్దలంతా మోకాళ్ల మీద ఉంటారు. వాచ్ నైట్ సర్వీస్ అని మన సంఘాల్లో పిలుచుకునే ఈ ఆరాధనను 18వ శతాబ్దంలో జర్మనీలోని మొరావియన్ క్రైస్తవులు మొదలుపెట్టారు. ఇంగ్లండులో జాన్ వెస్లీ అనుచరులు అందుకున్నారు. ఇప్పుడది ఈ తీరంలోని ఉద్దానం కొబ్బరితోటల మధ్య మైకుసెట్టుతో సహా మన సొంతమైపోయింది.

ఆ రాత్రి బోధకులు ఎక్కువగా తెరిచేది 90వ కీర్తన. మోషే ప్రార్థన అని దానికి పేరు. దేవుడి లెక్కలో వెయ్యేళ్లు గడిచిపోయిన నిన్నటి రోజుతో సమానమని, మనిషి బతుకు డెబ్బై, ఒంట్లో బలముంటే ఎనభై అని అందులో ఉంటుంది. మా రోజులు లెక్కపెట్టుకోవడం మాకు నేర్పమని వేడుకోలు ఉంటుంది. గొప్ప కీర్తన. నా పేచీ దాన్ని వాడుకునే తీరుతో. “ఈ రాత్రి ఇక్కడ కూర్చున్నవాళ్లలో వచ్చే ఏడు ఎవరుంటారో, ఎవరుండరో” అని గొంతు పెంచి జనాన్ని వణికించే ప్రసంగాలు ఏటా వింటున్నాం. ఉద్దానంలో ఈ మాట ఇంకొకరు చెప్పాలా? ఏ వీధిలో చూసినా కిడ్నీ జబ్బుతో ముప్పై, నలభై ఏళ్లకే పోయినవాళ్ల ఫొటోలకు దండలున్న ఇళ్లు కనబడతాయి. ఆయుష్షు చిన్నదని ఇక్కడివాళ్లకు తెలుసు. తెలియాల్సింది మరొకటుంది.

ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డులు పంచుతారు. బుట్టలో చెయ్యిపెట్టి ఒక కార్డు తీసుకుంటే, అందులో వచ్చిన వాక్యమే ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన మాట అని నమ్మకం. మంచి వాక్యం వస్తే సంతోషం, గద్దింపు వస్తే ముఖం ముడుచుకోవడం. పక్కింటివాళ్లు ఉగాదికి పంచాంగంలో ఆదాయవ్యయాలు చూసుకుంటే వేళాకోళం చేసే మనవాళ్లే, ఆ కార్డును రాశిఫలంలా చదువుకుంటారు. ఒకవైపు భయం, ఒకవైపు జోస్యం. బైబిల్లో కాలం గురించి ఉన్నది ఈ రెండూ కాదని నా నమ్మకం. అదేమిటో ఉద్దానం రైతుకు మనకంటే బాగా తెలుసనిపిస్తుంది.

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగం. తెల్లారి చూస్తే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరిచెట్లు కొన్ని మొదలుతో పెకలించుకుపోయి, కొన్ని నడిమికి విరిగి, వరసలు వరసలుగా పడుకుని ఉన్నాయి. జీడితోటలు వేళ్లు పైకి పెట్టి బోర్లాపడ్డాయి. పనసలు, మామిళ్లు కూడా మిగల్లేదు. నష్టం రాసుకోవడానికి వచ్చిన సిబ్బంది ఎన్ని చెట్లు పోయాయని అడిగితే ముసలి రైతులు ఏళ్లలో జవాబు చెప్పారు. ఇది మా తాత వేసినది, అది మా అమ్మాయి పుట్టిన ఏడు పెట్టినది, ఆ చివరి వరస కాపుకొచ్చి రెండేళ్లే అయింది అని. కాగితంలో చెట్ల సంఖ్యకు గడి ఉంది, ఏళ్లకు లేదు.

వాళ్లు చెప్పిందే సరైన లెక్క. మన తీరంలో ఎక్కువగా ఉండే పొడుగురకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. వచ్చాక అరవై, డెబ్బై ఏళ్లు కాస్తుంది. జీడిమామిడి మూడు నాలుగేళ్లకు పూతకొచ్చినా, నిండు కాపుకు ఎనిమిది పదేళ్లు చూడాలి. వరి పోతే ఒక పంట పోయినట్టు. కొబ్బరి పోతే అరవై ఏళ్ల మనిషికి మళ్లీ తన చేతులతో కాయ కోసుకునే అవకాశమే ఉండకపోవచ్చు.

బైబిల్లో యోవేలు అని ఒక ప్రవక్త ఉన్నాడు. చిన్న పుస్తకం, మూడే అధ్యాయాలు. మిడతల దండు దేశం మీద పడి పచ్చనిదంతా నాకేసిన సంగతి అందులో ఉంది. అంజూరపు చెట్టు బెరడు వలిచేసినట్టయి కొమ్మలు తెల్లబడ్డాయని రాశాడు. చెట్లు పోగొట్టుకున్నవాడు చూసిన చూపు అది. తర్వాత ఊరట చెప్పే చోట దేవుడు, మిడతలు తిన్న సంవత్సరాలను మీకు తిరిగి ఇస్తానంటాడు. పంటనో గింజలనో ఇస్తాననకుండా సంవత్సరాలు ఇస్తానన్నాడు. తిత్లీ తర్వాత ఉద్దానంలో ఎవరికైనా ఈ అధ్యాయం చదివి వినిపిస్తే వ్యాఖ్యానం అక్కర్లేదు. పోయింది ఏమిటో సరిగ్గా పేరు పెట్టి పిలిచిన దేవుడు ఇందులో ఉన్నాడు. ఎలా తిరిగి ఇస్తాడన్నది వేరే ప్రశ్న. దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు, ఉందని చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను.

పడిపోయిన తోటలో మళ్లీ గుంత తీసి మొక్క పెట్టినవాళ్లు మాత్రం నాకు తెలుసు. యిర్మీయా ప్రవక్త కూడా అలాంటి పనే చేశాడు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది. ఊరు ఇవాళో రేపో కూలుతుంది. తనే చెరసాలలో ఉన్నాడు. ఆ సమయంలో అనాతోతులో ఒక పొలం కొన్నాడు, 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, దస్తావేజు రాయించి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో దాయించాడు. శత్రువు చేతిలోకి పోతున్న పొలానికి దస్తావేజు! ఊళ్లోవాళ్లు నవ్వే ఉంటారు. ఈ నేల మీద మళ్లీ కొనుగోళ్లు జరుగుతాయని అతని నమ్మకం. తను చూడడని తెలిసీ కొన్నాడు.

మోషే ధర్మశాస్త్రంలో తోటవాళ్ల కోసమే పెట్టినట్టున్న నియమం ఒకటుంది. లేవీయకాండం 19వ అధ్యాయం. పండ్ల చెట్టు నాటితే మొదటి మూడేళ్ల కాయ ముట్టకూడదు. నాలుగో ఏటి కాపు దేవుడిది. అయిదో ఏట తినొచ్చు. చెట్టును తొందరపెట్టొద్దని చెప్పడానికి ఒక చట్టం! మన సంఘాల్లో కోత పండుగ రోజున మొదటి గెలలు, జీడిపిక్కల సంచులు, పనసకాయలు తెచ్చి బల్ల ముందు పెట్టి వేలం వేస్తాం కదా, అది నాకు ఈ నియమాన్నే గుర్తు చేస్తుంది. ఆ వేలం చూడాలి. ఒక కొబ్బరికాయను ఎవరో వంద రూపాయలకు పాడుకుని, అక్కడే మళ్లీ కానుకగా ఇచ్చేస్తారు. అదే కాయ ఇంకొకరు పాడతారు. నాలుగు చేతులు మారాక చివరికి ఏ ముసలమ్మ సంచిలోకో పోతుంది. బజారు లెక్కలో ఇది పిచ్చిపని. ఆ కాయ వెనక ఉన్న ఏడేళ్లకు కట్టిన ధర అనుకుంటే తక్కువే.

సముద్రం వైపు వెళ్తే అక్కడా ఇదే పాఠం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్లకు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమని. భావనపాడులో ఆ రెండు నెలలు వలలు బాగుచేసుకుంటూ, బోట్లకు రంగులు వేసుకుంటూ కూర్చుంటారు. లేవీయకాండంలోనే 25వ అధ్యాయంలో ఏడో ఏడు భూమికి విశ్రాంతి ఇవ్వమని ఆజ్ఞ ఉంది. అదే అధ్యాయంలో, మరి ఆ ఏడు మేమేం తినాలి అని జనం అడుగుతారని కూడా రాసి ఉంది. అడగరా మరి! ఆరో ఏటనే సరిపడా పండిస్తానని దేవుడు జవాబిస్తాడు. ఆకలి గురించి అడిగిన ప్రశ్నను అవిశ్వాసమని కొట్టిపారెయ్యలేదు, అది నాకు నచ్చిన సంగతి. వేట లేని రోజులకు ఇచ్చే సాయాన్ని ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలకు పెంచింది. చాలుతుందా అంటే మత్స్యకారులనే అడగాలి. విశ్రాంతి కావాలంటే ఎవరో ఒకరు దాని ఖర్చు భరించాలన్నది మాత్రం మోషే కాలం నుంచీ ఉన్నదే.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లినవాళ్లకు అక్కడి పక్షులు గుర్తుండే ఉంటాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు. వానాకాలం చివర వచ్చి, ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోగా లేచిపోతాయి. రాక ఆలస్యమైతే ఊరివాళ్లకు దిగులు. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు వాటిని. యిర్మీయా ఈ కొంగనే చూపించి తన జనాన్ని దెప్పాడు. ఆకాశంలో కొంగకు కూడా తన రుతువు తెలుసు, నా ప్రజలకు తెలియడం లేదని. ఎప్పుడు రావాలో, ఎప్పుడు కదలాలో తెలియడమే కాలజ్ఞానం అంటే. తారీఖులు ముందే చెప్పడం దాని పని కాదు. ప్రపంచం ఫలానా ఏడు అంతమవుతుందని లెక్కలు గట్టిన బోధకులు ఎన్ని దేశాల్లో ఎంతమంది! ఆ రోజు, ఆ గడియ తనకూ తెలియదని, తండ్రికే తెలుసని యేసే చెప్పాక మళ్లీ ఈ లెక్కలెందుకో.

మన ప్రాంతానికి సువార్త వచ్చిన కథలోనే కాలం గురించి కావలసినంత ఉంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు. 1810లో డెగ్రాంజి పోయాడు. ఆయన చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కొత్త నిబంధన మొత్తం తెలుగులో రావడానికి 1818 దాకా, ఎడ్వర్డ్ ప్రిట్చెట్ అనే మూడో మనిషి దాకా ఆగాల్సి వచ్చింది. మొదలుపెట్టిన ఇద్దరూ అచ్చు పుస్తకం చేత్తో పట్టుకోలేదు.

పురుషోత్తమ చౌధరి సంగతి వేరు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, 1890 దాకా బతికాడు. వందకు పైగా కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఆయన పాట లేని ఆదివారం అరుదు. ఒకరికి అయిదేళ్లు, ఒకరికి ఎనభై ఏడేళ్లు. ఎవరి పని పెద్దది? తూచే తక్కెడ మన దగ్గర లేదు.

సోంపేటలో ఆరోగ్యవరం మిషన్ ఆసుపత్రి పేరు మన పెద్దలందరికీ తెలుసు. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గల్లిసన్ అక్కడ కంటి ఆపరేషన్లు చేసేవారు. శుక్లాలతో చూపు పోయిన పేదవాళ్లు ఎక్కడెక్కడి నుంచో నడిచి, బళ్లెక్కి వచ్చేవారు. 1963లో ఆయన కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారితో ఆ రోగుల గురించి మాట్లాడారు. ఆ మాటల్లోంచి ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. దాని మొదటి పని మన సోంపేటలోనే. తర్వాత అది మరెన్నో దేశాలకు వెళ్లింది. ఉద్దానంలో చూపు వచ్చిన ముసలమ్మకు ఈ సంగతులేవీ తెలియవు. కట్టు విప్పాక మనవడి ముఖం కనబడింది, అంతే.

ఇక్కడ యేసు చెప్పిన ఒక ఉపమానం గుర్తు చేయాలి. ద్రాక్షతోట యజమాని తెల్లవారి కొందరిని కూలికి పిలుస్తాడు. తొమ్మిదింటికి కొందరిని, మధ్యాహ్నం కొందరిని, పొద్దుగూకే ముందు మరికొందరిని. సాయంత్రం అందరికీ ఒకే కూలి. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో కిలోల లెక్కన పొట్టు వలిచే ఆడవాళ్లకు ఈ కథ చెబితే మొదట ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా! గుండుపప్పు విరగకుండా వలిస్తే ఒక లెక్క, బద్దయితే ఒక లెక్క. జీడి రసానికి వేళ్లు నల్లబడి, చర్మం లేచిపోయిన చేతులవి. వాళ్లకు గంటకు విలువుంది. అయితే అదే కథలో, సాయంత్రం దాకా సంతలో నిలబడినవాళ్లను యజమాని ఎందుకు ఊరకే ఉన్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదని చెబుతారు. ఆ జవాబు దగ్గర మాత్రం ఆ ఆడవాళ్లు ఆగుతారు. పిక్క రాని రోజుల్లో పని లేక ఇంట్లో కూర్చోవడం ఎంత బరువో వాళ్లకు తెలుసు. పిలుపు కోసం కాచుకుని గడిపిన గంటలను కూడా ఆ యజమాని లెక్కలో వేశాడు.

నేను చెప్పాలనుకున్న అసలు కథ మాత్రం లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. నాలుగే వచనాలు. తోటలో ఒక అంజూరపు చెట్టు. మూడేళ్లుగా యజమాని వచ్చి చూస్తున్నాడు, కాయ లేదు. నరికెయ్యి, భూమి దండగ అన్నాడు. తోటమాలి అడ్డుపడ్డాడు. ఈ ఒక్క ఏడు వదిలెయ్యండయ్యా, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, కాస్తే సరే, లేకపోతే అప్పుడు నరికించండి అన్నాడు. కథ అంతే. ఆ చెట్టు కాసిందో లేదో యేసు చెప్పలేదు.

డిసెంబరు 31 రాత్రి నేను వినాలనుకునే కథ ఇది. కొత్త సంవత్సరం మన హక్కుగా రాలేదు, జాతకంలో పడి రాలేదు. మన పక్షాన ఒకరు అడిగితే వచ్చిన గడువు అది. అడిగినవాడు చేతులు కట్టుకుని ఊరుకోలేదు, పని తన మీద వేసుకున్నాడు. పాదు తవ్వి, గత్తం వేసి, నీళ్లు కట్టడమంటే ఏమిటో ఉద్దానంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నడుం విరిగే పని. గడువు చెట్టుకి, చెమట తోటమాలికి. క్రైస్తవుడికి కాలమంటే ఈ గడువు, ఈ తవ్వకం అని నా ఉద్దేశం. మనం కొన్నిసార్లు చెట్టు, కొన్నిసార్లు తోటమాలి. చాలా ప్రసంగాలు మనల్ని చెట్టుగానే ఉంచేసి, గొడ్డలి చూపించి ఇంటికి పంపేస్తాయి. తోటమాలి వంతు ఎవరు తీసుకుంటారు?

ఉద్దానంలో గడువు అనే మాటకు ఇవాళ ఇంకో అర్థం ఉంది. డయాలసిస్. కిడ్నీ జబ్బు ఇక్కడ ఇంతగా ఎందుకుందో ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష పేరు, క్రియాటినిన్ అన్న మాట, చదువు రానివాళ్ల నోట కూడా పలుకుతుంది. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అంతకుముందు డయాలసిస్ కోసం విశాఖ దాకా వెళ్లినవాళ్లున్నారు. ఇప్పుడు దగ్గరైంది, మంచిదే. దగ్గరైనా రోగి గడియారం మారలేదు.

ఒక రోజు ఎలా ఉంటుందో చెబుతాను. వారానికి రెండు సార్లు, చాలామందికి మూడు సార్లు. వెళ్లగానే బరువు చూస్తారు, ఒంట్లో ఎంత నీరు చేరిందో దాన్నిబట్టి తెలుస్తుంది. చేతికి ఉబ్బెత్తుగా ఉన్న ఫిస్టులాలో, అంటే ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళంలో, రెండు సూదులు గుచ్చుతారు. ఒక గొట్టంలో రక్తం బయటికి, ఇంకో గొట్టంలో లోపలికి. నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. మిషను తెర మీద ఇంకా ఎంతసేపో అంకెలు తగ్గుతూ ఉంటాయి. మధ్యలో కాళ్లు కొంకర్లు పోతాయి, బీపీ పడిపోతుంది. అయ్యాక మళ్లీ బరువు. బయటికొచ్చాక కళ్లు తిరుగుతుంటే ఆటో కోసం నిలబడాలి. ఇంటికెళ్లాక దాహమేసినా గ్లాసులు లెక్కపెట్టుకుని తాగాలి. మన రోజులు లెక్కపెట్టడం నేర్పమన్న కీర్తనను వీళ్లు ఏళ్ల తరబడి ఒంటితో చదువుతున్నారు.

రోగితో పాటు ఇంకొకరి కాలం కూడా కరుగుతుంది. భార్యో, కొడుకో, తోడు వచ్చిన తమ్ముడో ఆ రోజు కూలి మానుకోవాలి. కవిటి నుంచో మందస నుంచో పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు. వారానికి మూడు రోజులు అలా పోతే మిగిలిన రోజుల సంపాదనతో ఇల్లెలా గడుస్తుంది? చాలామంది తోడు లేకుండానే వెళ్తున్నారు. జబ్బుకంటే ఒంటరితనమే ఎక్కువ బాధ అని చెప్పినవాళ్లున్నారు.

అందుకే సంఘ పెద్దలకు, యవ్వనస్తులకు ఒక మనవి. ఈ ఏడు వాచ్ నైట్ సర్వీస్ పెట్టండి, పాటలు పాడండి, వాగ్దాన కార్డులు కూడా పంచుకోండి, నేను కాదనను. వాటితో పాటు ఒక నోటు పుస్తకం తెరవండి. మీ ఊళ్లో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎవరు, ఏ రోజుల్లో వెళ్తారు, సోమ, బుధ, శుక్రవారాలా, మంగళ, గురు, శనివారాలా అన్నది రాయండి. క్రైస్తవులా కాదా అని చూడొద్దు, తోటమాలి చెట్టు కులం అడగలేదు. రాసిన ప్రతి రోజుకూ ఎదురుగా మీ సంఘంలోంచి ఒకరి పేరు రాయండి. బండి ఉన్నవాళ్లు తీసుకెళ్తారు, లేనివాళ్లు ఆ నాలుగు గంటలు ఆసుపత్రిలో తోడుంటారు. ఇంటావిడకు ఆ రోజు జీడి ఫ్యాక్టరీలో కూలి పోకుండా ఉంటుంది. తగినంతమంది పేరిస్తే ఒక్కొక్కరికి నెలకు ఒక పూటే వంతు వస్తుంది. జనవరి మొదటి ఆదివారం ఆరాధన ముగియకముందే ఆ పేర్లు రాయించండి.